ఊ కొట్టే భూదేవమ్మ

నాకు కథ వినడం రాదని మా లింబాయత్ పేటలో అందరికీ తెలుసు. ఆ మాట మొదట అన్నది భూదేవమ్మే. "సారుకు అడుగుడు తెలుసు గనీ ఊ కొట్టుడు తెల్వది" అని పదిమంది ఆడవాళ్ల ముందు అనేసింది. సూరత్‌లో తెలుగు మీడియం బడి పంతులుగా బతుకంతా పిల్లల్ని ప్రశ్నలతో వేపుకు తిన్నవాణ్ణి నేను. ఎవరైనా కథ మొదలుపెట్టగానే ఎవరు, ఎక్కడ, ఎందుకు అని అడ్డం తగలడం రిటైరయ్యాక కూడా పోలేదు. ఆమె మాటకు నాకు ఒళ్లు మండింది. రెండ్రోజులు ముఖం చాటేశాను. తర్వాత ఆమే సర్వపిండి చేసి పంపింది. తినేసి ఊరుకున్నాను.

భూదేవమ్మ మా వరసలోనే, రెండిళ్ల అవతల ఉంటుంది. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పెళ్లయిన కొత్తలో సూరత్ వచ్చింది. భర్త లక్ష్మీరాజం సాంచెలు నడిపేవాడు. సాంచె అంటే మావాళ్ల భాషలో కరెంటు మగ్గం. ఆమె అదే షెడ్డులో నూలు కండెలు చుట్టేది. ఆ షెడ్డులో పక్క మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా సగమే వినబడుతుంది. అందుకని అక్కడ పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. లక్ష్మీరాజం ఇంటికొచ్చాక కూడా చేతులతోనే మాట్లాడేవాడని, పెళ్లయిన చాన్నాళ్లకు గానీ ఆయన గొంతు ఎలా ఉంటుందో తనకు తెలియలేదని ఆమె నవ్వేది. ఆయన పోయి కొన్నేళ్లయింది. కొడుకు కమలాకర్ పాండేసరలో రంగుల మిల్లులో సూపర్‌వైజరు. మనవరాలు హారతి ఎం.ఏ. చదువుతోంది. సూరత్‌లో ఇలాంటి తెలుగు కుటుంబాలు కొల్లలు. భూదేవమ్మ గురించి ప్రత్యేకంగా రాయడానికి కారణం ఆమె పలికే ఒక్క అక్షరం.

మా పద్మశాలీల కులపురాణాన్ని, మా వంశానికి మూలమైన మార్కండేయుడి కథను, పటం మీద చెబుతారు. మూరల కొద్దీ పొడవున్న గుడ్డ మీద వరసగా బొమ్మలుంటాయి. కర్రకు చుట్టిన ఆ గుడ్డను కొంచెం కొంచెం విప్పుతూ, బెత్తంతో బొమ్మను చూపిస్తూ కథ నడుపుతారు. అలా చెప్పే హక్కు తరతరాలుగా కూనపులి కులంవారిది. సిరిసిల్ల నుంచి మా దగ్గరికి వచ్చే ఆయన పేరు బుచ్చిరాములు. ఏటా శ్రావణ పౌర్ణమికి ముందు పటాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని రైలు దిగుతాడు. సూరత్ వానకు తను నిలువునా తడిసినా దాన్ని మాత్రం తడవనివ్వడు.

ఆ కథకు ఇద్దరు కావాలి. ఒకరు చెప్పేవారు, ఒకరు పటం ముందు చాప మీద కూర్చుని ఊ కొట్టేవారు. ఊ పడితే గాని బెత్తం తరువాతి బొమ్మకు జరగదు. అక్షరాలు నేర్పిన పంతులుని గనక ఊ అంటే ఏ ఊ అయినా ఒకటే అనుకునేవాణ్ణి. భూదేవమ్మ ఊ కొట్టగా విన్నాక ఆ పొగరు పోయింది. మునికి పిల్లలు లేరు అన్నప్పుడు ఆమె ఊ బరువుగా, కడుపులోంచి వస్తుంది. శివుడు ప్రత్యక్షమయ్యాడంటే ఆ ఊ కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడినట్టుంటుంది. బుచ్చిరాములు మరీ సాగదీసి వర్ణిస్తుంటే పొట్టిగా, కటువుగా ఒక ఊ పడుతుంది. అతను గతుక్కుమని మళ్లీ కథలోకి వస్తాడు. మాట్లాడేవాణ్ణి నడిపించేది వినేవాడేనని నాకు అప్పుడు అర్థమైంది. నా బళ్లో పిల్లలు నన్ను ఎంత ఓర్చుకున్నారో కూడా అప్పుడే అర్థమైంది.

ఒక్కచోట మాత్రం ఊ అనకూడదు. మార్కండేయుడికి ఆయుష్షు తీరిన రోజున యముడు దున్నపోతు మీద వస్తాడు. అప్పుడు బుచ్చిరాములు గొంతు మార్చి, యముడై, కూర్చున్నవాళ్లనే అడుగుతాడు: "పదారేండ్లు నిండినయి. పిల్లగాన్ని తీస్కపోదునా?" ఊ అంటే పిల్లవాడి చావుకు ఒప్పుకున్నట్టు. అందుకే తల్లులు పిల్లల నోళ్లను అరచేత్తో మూసేస్తారు. అంతా నిశ్శబ్దంగా ఉన్నాక, "ఎవ్వలూ ఊ అనలే" అని బుచ్చిరాములు తనే చెప్పి బెత్తాన్ని శివుడి బొమ్మ మీదికి జరుపుతాడు. ఎవరైనా పొరపాటున ఊ అంటే పటాన్ని అక్కడే చుట్టేయాలని, ఆ ఏడాదికి ఇక కథ లేనట్టేనని పెద్దలు చెప్పేవారు.

నిజానికి ఆ చాప మగవాళ్లది. భూదేవమ్మ మామగారు ఏళ్ల తరబడి దాని మీద కూర్చుని ఊ కొట్టేవాడు. ఒకసారి ఆయన రెండు షిఫ్టులు వరసగా చేసి వచ్చి, మునీశ్వరుడి తపస్సు దగ్గర నిద్రపోయాడు. బెత్తం ఆగిపోయింది. బుచ్చిరాములు దగ్గాడు, మళ్లీ దగ్గాడు, లాభం లేదు. అంతలో వెనక ఆడవాళ్లలోంచి ఒక ఊ వచ్చింది. కొత్త కోడలు భూదేవమ్మ, కథ ఆగిపోతుంటే ఉండబట్టలేక అనేసింది. బెత్తం కదిలింది. మామగారు లేచేసరికి మార్కండేయుడు పుట్టి, పెరిగి, అక్షరాభ్యాసం కూడా అయిపోయింది. ఆ మరుసటి ఏడు బుచ్చిరాములే చాపను ఆమె వైపు జరిపాడట. గొణిగినవాళ్లు గొణిగారు. ఆమె మామగారు మాత్రం హాయిగా గోడకు ఆనుకుని నిద్రపోయాడని ఆమె చెబుతుంది.

అలా ఆమె ఆ చాప మీద ముసలిదైంది. చెవులు మాత్రం షెడ్డులోనే ఉండిపోయాయి. మొదట సన్నటి శబ్దాలు పోయాయి, తర్వాత మాటలు పోయాయి. బుచ్చిరాములు పెదవులు, బెత్తం, పటం కనబడుతున్నంతసేపు ఆమెకు ఇబ్బంది లేదు. కథ ఎలాగూ కంఠతా వచ్చు. కానీ పోయినేడు పౌర్ణమికి మా పద్మశాలీ సమాజం సెక్రటరీ పరమేశ్ కొత్త మైకు కొన్నాడు. పరమేశ్ మంచివాడే, కాకపోతే మైకుల పిచ్చి. ఆ మైకు బుచ్చిరాములు నోటికి అడ్డం వచ్చింది. భూదేవమ్మ ఒకచోట ఊ ఆలస్యంగా అంది. ఇంకోచోట ముందే అంది. పరమేశ్ అది గమనించాడు.

ఈ ఏడు శ్రావణం దగ్గర పడుతుండగా అతను, నేను కూడా ఉండగా, ఆమె ఇంటికొచ్చి, చాయ్ తాగి, నెమ్మదిగా అన్నాడు.

"చిన్నమ్మా, ఈసారి ఊ కొట్టనీకె వేరే మనిషిని సూద్దమా? నీకు తక్లీఫ్ అయితుంది."

ఆమె అతని పెదవులు చూసింది, తల ఊపింది. నాకే కోపం వచ్చి ఏదో అనబోతే చేత్తో ఆపింది. అతను వెళ్లాక చెప్పింది.

"వాడన్నదాంట్ల తప్పు లేదు సారూ. నాకే భయమైతుంది. యముడు అడిగింది సమజ్ కాక నేను ఊ అన్ననే అనుకో. ఇన్నేండ్ల కథ నా నోట్లనే చస్తది గద."

ఆ చాప పోతుందన్న దిగులు కంటే ఈ భయం పెద్దది.

హారతి అప్పుడే తన గొడవతో దిగింది. అది చదివే ఎం.ఏ.లో మతాన్ని గురించిన మాటలు మనుషులను ఎలా కదిలిస్తాయి, ఒక ఊరి కథ ఇంకో ఊరివాళ్ల చెవిన పడితే ఏమవుతుంది అని చదివే పేపరు ఒకటుందట. వాళ్ల మేడం పేరు సంగీతా బెన్, సౌరాష్ట్ర వైపు మనిషి. పుస్తకంలో చదివింది చాలు, ఎవరైనా మీ ఇంటి కథను క్లాసుకు తీసుకురండి అని ఆమె అడిగింది. హారతి మా పటం పేరు చెప్పింది. తాపీ నది దాటి అడాజన్ పేట అవతలి వాళ్ల కాలేజీలో, పౌర్ణమికి ముందు వారం, పగలే కార్యక్రమం.

"బాపమ్మా, నువ్వు రావాలె. నువ్వు లేకుంటె స్టోరీ చలేగా హీ నహీ, నడువనే నడువది" అంది హారతి.

"కాలేజ్ల నాకేం పని" అంది భూదేవమ్మ. కానీ కాసేపాగి నా వైపు తిరిగింది. "పోదం సారూ. గుడి కాదు గద. తప్పు వోతే ఆడనే పోతది. నా చెవులు పనికొస్తయో లేదో ఆడనే తెలుస్తది."

ఈ మాట అప్పటికే సూరత్ చేరిన బుచ్చిరాములు చెవిన పడింది. పటం సంచి మీద చెయ్యి వేసి అన్నాడు: "అమ్మా, పటం యాడ ఇప్పితే ఆడనే గుడి." దాంతో ఆమె భయం మళ్లీ మొదటికొచ్చింది.

హారతి తన ట్యూషన్ల సంపాదనతో ఆమెకు చెవి మిషను కొనిపెట్టింది. ఆటోలో తాపీ వంతెన దాటేసరికి భూదేవమ్మ దాన్ని పీకి రవికెలో దోపుకుంది. "దీంట్ల నుంచి నా సాంచెలే ఇనవడ్తున్నయి" అంది.

కాలేజీలో మర్యాదకు లోటు చేయలేదు. ఆ మర్యాదే మా కొంప ముంచింది. భూదేవమ్మకు శాలువా కప్పి, ముందు వరసలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. వేదిక అక్కడికి చాలా దూరం. పటం ముందు చాప వేయాలన్న సంగతి ఎవరికీ తెలియదు. హారతి అడగబోయింది కానీ అప్పటికే ఎవరో స్వాగతం చెప్పడం మొదలుపెట్టారు. బుచ్చిరాములు దీపం పెట్టి, పటానికి దండం పెట్టి, మైకు ముందు నిలబడ్డాడు. మైకు మళ్లీ సరిగ్గా నోటికి అడ్డం.

ఏర్పాటు ఏమిటంటే, అతను తెలుగులో కొంత చెబుతాడు, హారతి దాన్ని గుజరాతీలో చెబుతుంది. మునికి సంతానం లేదని అతను మొదలుపెట్టాడు. హారతి చెప్పింది. హాలు నిండా పిల్లలు, అంతా గంభీరంగా, బుద్ధిగా చూస్తున్నారు. ఊ రాలేదు. అతను భూదేవమ్మ వైపు చూశాడు. ఆమె మెడ అటూ ఇటూ సాచి అతని పెదవుల కోసం వెతుకుతోంది. బెత్తం కదల్లేదు. అతను ఇంకో రెండు మాటలు చెప్పి మళ్లీ ఆగాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను ఊ అందామనుకున్నాను. దగ్గి ఊరుకున్నాను.

సంగీతా బెన్ కుర్చీలోంచి లేచింది. అతను దేనికోసం ఆగాడో ఆమెకు తెలిసిపోయింది. వాళ్ల తాతగారి ఊళ్లో కూడా కథ చెప్పేవాడికి ఒకరు బదులు పలుకుతూ ఉండాలట. దాన్ని హోంకారో అంటారట. అది లేకపోతే ఆయన హుక్కా ముట్టించుకుని పడుకునేవాడట. "ఇది ఉపన్యాసం కాదు, మీరు హోంకారో ఇవ్వండి" అని పిల్లలకు చెప్పి, తనే ముందుగా "హా..." అంది. ఇద్దరు ముగ్గురు నవ్వుతూ అన్నారు. తర్వాత వరసంతా అంది. బుచ్చిరాములు ముఖం వెలిగింది. బెత్తం కదిలింది.

ఆ తర్వాత ఏం చెప్పను, కథ పరుగెత్తింది. ఎక్కడి సిరిసిల్ల పటం, ఎక్కడి సౌరాష్ట్ర హోంకారో. పిల్లలకు మొదట ఆటగా ఉంది గాని కాసేపటికి నిజంగానే వింటున్నారు. మునికి కొడుకు పుట్టాడంటే ఈలలు వేశారు. వాడికి పదహారేళ్లే ఆయుష్షు అనగానే వాళ్ల హోంకారో దానంతటదే సన్నబడింది. నాకు సంతోషంగా ఉంది. భూదేవమ్మ వైపు చూస్తే మాత్రం మనసు చివుక్కుమంది. ఆమె కుర్చీలో పక్కకు తిరిగి కూర్చుంది. అతని నోరు కనబడదు గనక పిల్లల నోళ్లు చూస్తోంది. వాళ్లు పలికినప్పుడల్లా తల ఊపుతోంది. వాళ్లను చూసి మురిసిపోతోంది. చేతులు మాత్రం ఒళ్లో శాలువా అంచును నలుపుతున్నాయి. ఆమె ఊ ఆ పిల్లలందరి మధ్యా పంపకమైపోయింది.

బెత్తం నల్లటి బొమ్మ మీదికి వచ్చింది. దున్నపోతు మీద, పాశం పట్టుకుని యముడు. బుచ్చిరాములు గొంతు మార్చి అడిగాడు. హారతి మంచి ఊపు మీదుంది. ఆ గొంతుతోనే గుజరాతీలో అడిగేసింది: పదహారేళ్లు నిండాయి, పిల్లవాణ్ణి తీసుకుపోనా? ఇక్కడ పలకకూడదని ముందుగా చెప్పాలన్న ధ్యాస దానికి లేదు, నాకూ లేదు. హాలంతా ఒక్క గొంతుతో, అంతవరకు లేనంత హుషారుగా "హా" అంది.

బుచ్చిరాములు ముఖం పాలిపోయింది. మైకులో అతని ఊపిరి వినబడుతోంది. ఇది కూడా కథలో భాగమేననుకుని పిల్లలు ఎదురుచూస్తున్నారు. హారతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతను బెత్తం కింద పెట్టి, పటం కింది కర్రను పట్టుకున్నాడు. చుట్టేస్తున్నాడని నాకు అర్థమైంది.

భూదేవమ్మకు ఆ అరుపు వినబడలేదు. కానీ ముందు బొమ్మను చూసింది, తర్వాత తెరుచుకున్న నోళ్లన్నీ చూసింది. కుర్చీలోంచి లేచింది. శాలువా జారిపోయింది. వేదిక మెట్లెక్కి, మైకు స్తంభాన్ని ఒక చేత్తో పక్కకు నెట్టి, పటం ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఊహూఁ" అంది.

సాంచెల చప్పుడు మీంచి మనుషులను పిలిచి పిలిచి పెరిగిన గొంతు అది. ఆఖరి వరస దాకా వినబడింది. ఆమె చూపు యముడి బొమ్మ మీదే ఉంది.

"అయ్యా, వాళ్లు పోరగాండ్లు. మన కట్టు వాళ్లకు తెల్వది. తెల్వక అన్నరు, లెక్కల వట్టకు. ఈ పటం ముంగట ఊ కొట్టేదాన్ని నేను. నేను ఊ అనలే."

హారతి ఆ మాటలు గుజరాతీలో చెప్పింది. బుచ్చిరాములు కర్ర వదిలేశాడు. భుజం మీది కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. బెత్తం మళ్లీ తీసుకుని, "ఊ కొట్టవల్సిన తల్లి ఊ కొట్టలే" అని చెప్పి శివుడి బొమ్మ మీదికి జరిపాడు. ఆ తర్వాత కథంతా ఆమెకు ఎదురుగా వంగి చెప్పాడు. పిల్లలు ముందు ఆమె ఊ కోసం ఆగి, దాని వెనక తమ హోంకారో కలిపారు. ఏడుపు ఆపుకోవడానికి నేను కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాను. తుడిచిన అద్దాలనే మళ్లీ తుడిచాను.

అయిపోయాక సంగీతా బెన్ వచ్చి భూదేవమ్మ పక్కన నేల మీదే కూర్చుంది. వాళ్ల తాతగారి కథల్లో హోంకారో ఇవ్వడమే తెలుసు గాని, ఇవ్వకుండా ఆపుకునే చోటు ఒకటుంటుందని తను ఎన్నడూ వినలేదంది. ఊళ్లో ఇంకా బతికున్న పెద్దవాళ్లను అడుగుతానంది. ఒక అమ్మాయి మాత్రం అందరి వెనక నిలబడి, బెరుగ్గా హిందీలో అడిగింది: మా వల్ల ఆ మార్కండేయుడికేమీ కాలేదు కదా?

హారతి చేతులతో ఆ ప్రశ్నను అందించింది. భూదేవమ్మ ఆ పిల్ల బుగ్గ నిమిరి తనకొచ్చిన హిందీలో చెప్పింది. బతికాడు బిడ్డా, ఆయన బతికితేనే కదా మా వంశం నిలబడింది, లేకపోతే ఈ సూరత్‌లో నీకు చీరలు నేసేదెవరు అంది. ఆ పిల్ల నవ్వింది. ఊపిరి పీల్చుకున్నట్టు నవ్వింది.

ఈ సంగతి మేం ఇల్లు చేరకముందే పరమేశ్‌కు చేరింది. ఎవరో వీడియో పంపారు. అతను వచ్చి చాయ్ తాగాడు. సర్వపిండి బాగుందని చెప్పి వెళ్లాడు.

పౌర్ణమి నాడు మార్కండేయ మందిరం హాల్లో చాప పరిచింది అతనే. ఎప్పుడూ వేసేచోటు కంటే ఇంకా ముందుకు, పటానికి తగిలేంత దగ్గరగా వేశాడు. తను ముచ్చటపడి కొన్న మైకును స్తంభం మీంచి తీసేసి, బుచ్చిరాములు చొక్కాకు తగిలించే బుల్లి మైకు ఎక్కడినుంచో తెచ్చాడు. భూదేవమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది, హారతి ఆమె వెనకే కూర్చుంది. చెవి మిషను ఇంట్లో దేవుడి గూట్లో ఉంది.

కథ దున్నపోతు బొమ్మ దగ్గరికి వచ్చింది. తల్లులు పిల్లల నోళ్లు మూశారు. "పిల్లగాన్ని తీస్కపోదునా?" అని అడిగి బుచ్చిరాములు ఆగాడు. ఎప్పుడూ ఆగేదానికంటే ఎక్కువసేపు, భూదేవమ్మ కళ్లలోకి చూస్తూ, కావాలనే ఆగాడు. ఆమె పెదవులు బిగించి, తల నిటారుగా పెట్టి అతని వంకే చూస్తోంది. ఆ ముఖంలో భయం లేదు.

భయమంతా నాకు పట్టుకుంది. ఎన్నడూ రాని ఊ ఆ క్షణాన నా గొంతు దాకా వచ్చి కూర్చుంది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. హారతి చూసి బాపమ్మ భుజం తట్టి నన్ను చూపించింది. భూదేవమ్మ వెనక్కి తిరిగింది. నా అవస్థ చూసి, చప్పుడు కాకుండా, ఒళ్లంతా కదిలేలా నవ్వింది.

"ఎవ్వలూ ఊ అనలే" అని బుచ్చిరాములు బెత్తాన్ని శివుడి బొమ్మ మీదికి జరిపాడు.

ఆమె ముందుకు తిరిగి, చీర కొంగు సర్దుకుని, "ఊ" అంది.